పదో తరగతిలో 571 తెచ్చుకున్న చెల్లిని దూరం పంపి చదివించడానికి నాన్నను ఒప్పించడం ఎలా?

బాబూ, నువ్వు అడిగిన విషయం ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవ్వాలి కదా. మీది పామూరు దగ్గర పల్లె. మీ చెల్లి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి పదో తరగతిలో 600కి 571 తెచ్చుకుంది. ఇంటర్ పామూరులోనే చదివించి, 18 నిండగానే మేనమామ కొడుక్కిచ్చి చేద్దామంటున్నారు మీ నాన్న. నిన్ను మాత్రం అప్పు చేసి విజయవాడలో చదివించారు, నువ్విప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నావు. "మా నాన్న చెడ్డవాడు కాదు మేడమ్, చెల్లంటే ప్రాణం. ఈ ఒక్క విషయంలోనే ఎవరి మాటా వినడు. ఏం చెప్తే వింటాడు?" ఇదీ నీ ప్రశ్న.

వయసులో నా కొడుకంతవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నేను 1989లో టీచరుగా చేరాను. కలిగిరి, వింజమూరు వైపు కొన్నేళ్లు, తర్వాత ప్రకాశం జిల్లాకు మారి కనిగిరి, పామూరు వైపు హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మీ నాన్నలాంటి తండ్రులతో చాలాసార్లు మాట్లాడాను. కొందరిని ఒప్పించగలిగాను, కొందరి దగ్గర నేనే పని చెడగొట్టాను. రెండూ చెప్తాను.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అందులో నాన్న ఏమంటున్నారో ఉంది, మామయ్య ఏమంటున్నాడో ఉంది, నీ బాధ ఉంది. చెల్లి ఏం చదవాలనుకుంటోందో ఒక్క మాట లేదు. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఊళ్లలో వినపడే మాట ఒకటే: "ఆడపిల్లకు చదువెందుకు టీచరమ్మా, ఉద్యోగాలు చెయ్యాలా, ఊళ్లేలాలా?" పొగాకు కోతకొచ్చిందంటే తరగతిలో ఆడపిల్లల బెంచీలు ఖాళీ అయ్యేవి. పెద్దవాళ్లు చేలో ఆకు కోసి తెస్తే ఈ పిల్లలు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర కూర్చుని కర్రలకు గుచ్చేవాళ్లు. ఆ జిగురు చేతులకు పట్టి నల్లగా గట్టిపడేది, ఎంత తోమినా పోదు. మార్చిలో బడికి తిరిగొచ్చిన పిల్ల నోట్‌బుక్కు తెరిస్తే పేజీ అంచున వేళ్ల మరకలు పడేవి. కనిగిరి వైపు సంగతి ఇంకోలా ఉండేది. వానలు లేని ఏడాది అమ్మానాన్నలు బేల్దారి పనికి బెంగళూరో హైదరాబాదో పోతే, చిన్నపిల్లల్ని చూసుకోవడానికి బడి మానేసేది అక్కే. అన్న మానేసిన ఇల్లు నేను పెద్దగా చూడలేదు.

ఆ మనసు మారింది మా ఉపన్యాసాల వల్ల కాదు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు మొదలయ్యాయి. పగలు పిల్లలకు చెప్పి, రాత్రి లాంతరు పెట్టుకుని వాళ్ల అమ్మలకు చెప్పేదాన్ని. వాళ్ల పాఠాల్లో సారా గురించి ఒకటుంది. అది చదివిన రాత్రి ఎవరూ పలక ముట్టలేదు. కూలి డబ్బులు ఇంటికి ఎంత వస్తున్నాయి, సారా కొట్టుకు ఎంత పోతున్నాయి, ఒక్కొక్కరే లెక్క చెప్పడం మొదలుపెట్టారు. అదే కలిగిరి మండలంలోని దూబగుంటలో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. 1992లో ఆ సెగ జిల్లా అంతా పాకింది, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రం మొత్తం సారా నిషేధం వచ్చింది.

ఈ కథ అందరికీ తెలుసు. నాకు బాగా గుర్తున్నది మాత్రం బడి తెరిచే జూన్ నెల. రాత్రి బడిలో నా దగ్గర అక్షరాలు దిద్దిన ఆవిడ, కూతుర్ని ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చింది. గుమస్తా అలవాటు కొద్దీ ఇంకుప్యాడు ముందుకు జరిపాడు. ఆవిడ దాన్ని పక్కకు నెట్టి, "సంతకం పెడతా" అని పెన్ను అడిగింది. పేరు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. వెనక లైన్లో ఉన్నవాళ్లంతా ఆగి చూశారు. ఆ ఏడాది మా బడిలో ఆడపిల్లలు అంతకుముందు కంటే బాగా పెరిగారు. తల్లి చేతికి పెన్ను వచ్చాక కూతురి చదువు గురించి ఆ ఇంట్లో వాదన తక్కువైంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీ నాయనమ్మో అమ్మమ్మో ఉన్నారా? ఉంటే ముందు వాళ్లతో మాట్లాడు. వయసైన ఆడవాళ్లే చదువుకు అడ్డం అనుకుంటాం కానీ, నా అనుభవంలో ఇంట్లో మనకు తోడు నిలిచేది చాలాసార్లు వాళ్లే. సంతకం రాక పడిన అవమానం వాళ్లకు తెలుసు. మీ నాన్న నీ మాట తోసేయగలరు, వాళ్లమ్మ మాట తోసేయలేరు.

"మన వైపు ఆడపిల్లల్ని అంత దూరం పంపే అలవాటు లేదు" అని మీ నాన్న అంటే, పొణకా కనకమ్మ గారి గురించి చెప్పు. పొట్లపూడి ఆవిడ. చిన్నప్పుడే పెళ్లయింది, బడికి వెళ్లి చదువుకోలేదు, ఇంట్లోనే సొంతంగా చదువుకుంది. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. వందేళ్లు దాటిపోయింది. మన వైపు లేని అలవాటని ఎలా అంటాం?

ఇప్పుడు కాలం ఎక్కడిదాకా వచ్చిందో చూడు. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లా మగవాళ్లలో అక్షరాస్యత సుమారు 73 శాతం, ఆడవాళ్లలో 53 శాతం. అందులో మీ అమ్మ తరం ఉంది, మీ నాయనమ్మ తరం ఉంది. మీ చెల్లి తరానికొచ్చేసరికి, 2025 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో అమ్మాయిలు 84.09 శాతం పాసైతే అబ్బాయిలు 78.31 శాతం. మరోపక్క 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23 శాతం. ఈ లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చాలాసార్లు ఆలోచించాను. చదివించాలా వద్దా అన్న దగ్గర మనవాళ్ల మనసు మారింది. ఎంత దూరం అన్న దగ్గర ఇంకా మారలేదు. కొడుకు ఎక్కడ చదవాలో వాడి మార్కులు చెప్తాయి. కూతురు ఎక్కడ చదవాలో ఊరికొచ్చే బస్సు చెప్తుంది.

ఇందులో మా టీచర్ల తప్పు కూడా ఉంది. బోర్డు దగ్గరికి లెక్క చెయ్యడానికి ఎవరొస్తారంటే మగపిల్లలు ముందు చెయ్యెత్తుతారు, వాళ్లనే పిలిచేదాన్ని. జిల్లా స్థాయి లెక్కల పోటీకి మగపిల్లల్ని పంపేవాళ్లం, అధికారులెవరైనా వస్తే బొకేలు ఇవ్వడానికి ఆడపిల్లల్ని నిలబెట్టేవాళ్లం. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి ఎప్పుడూ చెయ్యెత్తేది కాదు. ఒకరోజు పేపర్లు దిద్దుతుంటే, వృత్తాల మీద ఇచ్చిన లెక్కను నేను చెప్పిన పద్ధతిలో కాకుండా ఇంకో దారిలో, నాకంటే తక్కువ మెట్లలో చేసి ఉంది. పిలిచి అడిగితే "తప్పేమో అని భయపడ్డాను టీచర్" అంది. ఆ మర్నాటి నుంచి చెయ్యెత్తినవాళ్లను పిలవడం మానేసి రోల్ నంబర్ల వరసలో పిలిచాను. రెండు నెలల్లో తరగతి మారిపోయింది. అంతకుముందు నా దగ్గర చదివి వెళ్లిపోయిన ఆడపిల్లల్లో ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో అని ఇప్పటికీ బాధేస్తుంది. మీ చెల్లికి 571 వచ్చాయంటే, ఆ పిల్ల సత్తా అంతవరకే అనుకోకు. ఇంట్లో పనులు చేసుకుంటూ, ట్యూషన్ లేకుండా వచ్చినవైతే అసలే అనుకోకు.

సరే, మీ నాన్న సంగతి. చెల్లి మీద ప్రేమ లేక కాదని నువ్వే అన్నావు. అలాంటి తండ్రులు నోరు విప్పి చెప్పని లెక్క ఒకటుంటుంది. కట్నం లెక్క. పిల్ల బీటెక్ చదివితే అంతకంటే ఎక్కువ చదివిన అబ్బాయిని తేవాలి. ఆ అబ్బాయికి కట్నం ఎక్కువ ఇవ్వాలి. అంటే పిల్ల చదువుకూ ఖర్చు, చదివినందుకు మళ్లీ ఖర్చు. మేనరికమైతే కట్నం మాట పెద్దగా రాదు, పిల్ల కళ్ల ముందే ఉంటుంది. పంట రేటు పడిన ఏడాది బ్యాంకు అప్పు, ఊళ్లో వడ్డీ, నీ చదువు అప్పు అన్నీ నెత్తి మీదున్న మనిషి వేసుకునే లెక్క ఇది. దాన్ని "పాత ఆలోచన" అని కొట్టిపారేస్తే ఆయన నీతో మాట్లాడటం మానేస్తారు.

ఇంకో మాట. నీకు చేదుగా ఉండొచ్చు. చాలా ఇళ్లలో ఆ లెక్కలో కొడుక్కి వచ్చే కట్నం కూడా ఉంటుంది. కొడుక్కి వచ్చిన డబ్బుతో కూతురి పెళ్లి చెయ్యడం మన వైపు మామూలే. అందుకే నువ్వు నాన్న దగ్గర కూర్చుని ముందు చెప్పాల్సింది చెల్లి గురించి కాదు, నీ గురించి. "నా పెళ్లికి కట్నం తీసుకోను, చెల్లి పెళ్లికి ఇవ్వనివ్వను. నా చదువుకు చేసిన అప్పు నేను కడతాను" అని చెప్పు. నెలకు ఎంత పంపుతావో అంకె చెప్పు, మొదటి నెల నుంచే పంపు. ఆస్తి గురించి కూడా మాట్లాడు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. "చెల్లి వాటా చెల్లిదే, నాకు అభ్యంతరం లేదు" అన్న మాట నీ నోటి నుంచి వింటే మీ నాన్న లెక్క సగం మారిపోతుంది. ఇవి చెప్పడానికి నువ్వు సిద్ధంగా లేకపోతే, చెల్లి చదువు గురించి ఆయనతో వాదించకు. ఆయన అప్పు ఆయన మీదే ఉంచి మంచి మాటలు చెప్పడం న్యాయం కాదు.

మన పల్లెల్లో తండ్రుల మనసు మార్చిన ఇంకో సంగతి, 2019లో వచ్చిన గ్రామ సచివాలయాలు. ఒక్కసారిగా లక్షకు పైగా ఉద్యోగాలు వచ్చాయి. నా దగ్గర చదివిన ఒకమ్మాయి, తండ్రి కూలి మనిషి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసింది. అప్పట్లో ఊళ్లో నవ్వారు, "ఆడపిల్ల మేస్త్రీ పని నేర్చుకుంటోందంట" అని. ఆ పిల్ల ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా పక్క ఊరి సచివాలయంలో చేరింది. నవ్వినవాళ్లే సిమెంట్ రోడ్డు కొలతల కోసం ఆమె టేబుల్ దగ్గర నిలబడ్డారు. మరుసటి ఏడాది ఆ ఊరి నుంచి పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలీసెట్ రాసిన ఆడపిల్లలు పెరిగారు. మీ చుట్టుపక్కల అలాంటి అమ్మాయి ఒకరైనా ఉంటుంది. ఆ పిల్ల తండ్రిని వెతుక్కో. పొలం గట్టు మీదో టీ కొట్టు దగ్గరో మీ నాన్నతో ఆయన మాట్లాడే ఏర్పాటు చెయ్యి. మీ నాన్నకు నీ మాట కంటే, నా మాట కంటే, తనలాంటి ఇంకో రైతు మాటే ఎక్కుతుంది.

ఇక పరువు భయం. హాస్టల్లో ఫోను పట్టుకుని ఎవరితోనో మాట్లాడుతుందేమో, పేరు చెడుతుందేమో అని. ఇది ఎవరూ పైకి అనరు, "రోజులు బాగాలేవు" అంటారు. దీనికి వాదన పనిచెయ్యదు, కళ్లతో చూస్తేనే తగ్గుతుంది. చేర్చే ముందు నాన్నను, అమ్మను ఇద్దరినీ తీసుకెళ్లి హాస్టల్ చూపించు. గదులు, బాత్రూములు, గేటు, వార్డెన్ ఎవరు, సెలవులకు ఎలా పంపుతారు, అన్నీ అడగనివ్వు. కానీ "అన్నా, నేను ఎవరితోనూ మాట్లాడను, ఒట్టు" అని చెల్లి చేత ప్రమాణాలు చేయించొద్దు. తప్పు చేసే మనిషిగా చూసి పంపితే ఆ బరువు చదువు మీద పడుతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. 1996 అనుకుంటా, లెక్కల్లో మంచి చురుకైన పిల్ల ఒకతె పదో తరగతి పాసైంది. తండ్రి చదువు ఆపేస్తున్నాడని తెలిసి వాళ్ల ఊరు వెళ్లాను. ఆయన నలుగురితో రచ్చబండ మీద ఉన్నాడు. నేను కోపంలో అక్కడే నిలబెట్టి, "నీ కొడుకు మూడుసార్లు ఫెయిలైనా చదివిస్తున్నావు, బంగారంలాంటి పిల్లను ఆపుతావా" అని గట్టిగా అడిగాను. ఆయన ఏమీ అనలేదు. ఆ శ్రావణంలో ఆ పిల్లకు పెళ్లి చేసేశారు. చాలా ఏళ్లకు కందుకూరు బస్టాండులో ఆమె నన్ను గుర్తుపట్టి పలకరించింది. నేను ఆ రోజు సంగతి ఎత్తితే, కోపం లేకుండానే చెప్పింది: "నాయన అప్పటికి పంపడానికే మొగ్గుతున్నాడు టీచర్. మీరు నలుగురిలో అన్నారని పంతం పట్టాడు." ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే చెప్తున్నాను, బంధువుల ముందు, ముఖ్యంగా మీ మామయ్య ముందు ఈ విషయం ఎత్తకు. మేనరికం వద్దు అన్న మాటను చదువు మాటతో కలపకు. కలిపితే అది మీ అమ్మ పుట్టింటితో తగువు అవుతుంది, మీ అమ్మ ఎటూ చెప్పలేక నలిగిపోతుంది. దగ్గర రక్తసంబంధం పెళ్లిళ్లలో పుట్టే పిల్లలకు కొన్ని జన్యు జబ్బుల ముప్పు ఎక్కువన్నది నిజమే. ఆ మాట చెప్పడానికి ముందు ముందు సమయం ఉంది. ఇప్పుడు అడగాల్సింది చదువు వరకే.

దారులు చెప్తాను. మొదట ఆర్జీయూకేటీ, మనవాళ్లంతా ట్రిపుల్ ఐటీ అంటారు. 2008లో పల్లెటూరి పిల్లల కోసమే మొదలుపెట్టారు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు. వేరే ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కుల మీదే సీటు. ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం కలుపుతారు. ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు ఒకేచోట, హాస్టల్ లోపలే. మీ నాన్నకు నచ్చే సంగతి ఏంటంటే, అక్కడ ఆడపిల్లలు చాలా ఎక్కువ మంది ఉంటారు. అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. కటాఫ్ బాగా పైన ఉంటుంది, ఏటా మారుతుంది, కాబట్టి దీని మీద ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

పాలీసెట్ రాసి ఉంటే డిప్లొమా మంచి దారి. కందుకూరులో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, నెల్లూరులో ఆడపిల్లలకే ప్రత్యేకంగా ఉంది. మూడేళ్లు. తర్వాత ఈసెట్ ఎంట్రన్స్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమాతో ఆగినా చేతిలో పని ఉంటుంది. డబ్బు టెన్షన్ ఎక్కువగా ఉన్న ఇంటికి నేను దీన్నే ముందు చెప్తాను.

ఈ రెండూ కుదరకపోతే గురుకుల జూనియర్ కాలేజీలు చూడు. లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీ అనొద్దు, మళ్లీ అప్పు మాట వస్తే ఈసారి ఆ నేరం చెల్లి మీద పడుతుంది. ఏదీ కాక పామూరులోనే చేరాల్సి వస్తే, అదేమీ ఓటమి కాదు. గ్రూపు మాత్రం తనకు కావాల్సిందే తీసుకోనివ్వండి. "ఆడపిల్లకు లెక్కలు కష్టం, ఏదో ఒకటి తీసుకో" అంటే ఒప్పుకోకు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆ గ్రూపు కోసం రోజూ కనిగిరి వెళ్లి వచ్చినా బస్సు ఖర్చు లేదు. తల్లికి వందనం పథకం డబ్బులు ఇంటర్ వరకూ తల్లి ఖాతాలో పడతాయి, హాజరు 75 శాతం ఉండాలి. ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలవకుండా అమ్మతో ముందే మాట్లాడుకో.

ఇప్పుడు మొదట ఆపిన దగ్గరికి వస్తాను. ట్రిపుల్ ఐటీ, పాలిటెక్నిక్ అని నేనూ రాసుకుంటూ పోయాను. మీ చెల్లికి ఇంజనీరింగ్ ఇష్టమో కాదో నాకు తెలియదు, నీకు తెలిసినట్టు నీ రాతలో కనపడలేదు. నర్సింగ్ అనుకుంటోందేమో, టీచరవ్వాలని ఉందేమో, పోలీసు ఉద్యోగం అనుకుంటోందేమో. నాన్న ఒకవైపు, నువ్వు ఒకవైపు నిలబడి తన తరఫున మాట్లాడుతుంటే ఆ పిల్ల వంటింట్లో నిలబడి వింటూ ఉంటుంది. నేను ఒప్పించిన తండ్రుల్లో ఎక్కువమంది నా మాటకు ఒప్పుకోలేదు. కూతురు ఎదురుగా కూర్చుని, తలెత్తి, "నాన్నా, నేను ఇది చదువుతాను, ఇన్నేళ్లు పడుతుంది, తర్వాత ఈ పని దొరుకుతుంది" అని సొంతంగా చెప్పినప్పుడు ఒప్పుకున్నారు. పదిహేనేళ్ల పిల్ల అంత తేలిగ్గా చెప్పలేదు. నీతో ముందు నాలుగైదుసార్లు చెప్పి అలవాటు పడాలి. నువ్వు మధ్యలో అందుకోకుండా వినాలి. తను చెప్పింది నీకు నచ్చకపోయినా వినాలి.

ఫలితాలొచ్చాయి కాబట్టి అడ్మిషన్ నోటిఫికేషన్లు ఇక వరసగా పడతాయి, రోజులు తక్కువున్నాయి. ఈ రాత్రే ఫోన్ చెయ్యి. అమ్మ ఫోనుకు చేసినా చెల్లికే ఇమ్మను, స్పీకర్ పెట్టకుండా డాబా మీదికి తీసుకెళ్లి మాట్లాడమని చెప్పు.